హారన్‌కి ఊదా తొడుగు

నేను మంచి డ్రైవర్ని. నా గురించి నేనే చెప్పుకుంటున్నానని నవ్వకండి, కావాలంటే డిపోలో ఎవర్నైనా అడగండి. నేను బ్రేకు వేస్తే నిలబడ్డ ముసలమ్మ కూడా తూలదు. నా మీద ఇన్నేళ్ళలో వచ్చిన ఫిర్యాదులన్నీ ఒక్కదాని గురించే. హారన్! అవునండీ, కొడతాను. ఎదురుగా బండి ఆగితే కొడతాను, ఆగబోతోందేమోనని అనుమానం వస్తే కొడతాను, ఏమీ లేకపోతే నేనొస్తున్నాను సుమా అని చెప్పడానికి కొడతాను. "మీరు నోటితో కంటే దాంతోనే ఎక్కువ మాట్లాడతారు" అంటుంది మా కండక్టరమ్మ. ఆవిడ అన్నదని కాదుగానీ అది నిజమే.

అలాంటి నా చేత హారన్ మాన్పించింది మా కోడలు. అదీ నోట్లో నాలుక లేని పిల్ల!

ఎలా జరిగిందో చెబుతాను. ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల్నీ మేము తపస్సు కాలం అంటాం. ప్రభువు ఎడారిలో ఉపవాసం ఉన్న రోజుల్ని తలుచుకుంటూ ప్రతివాళ్ళూ తమకిష్టమైనది ఒకటి వదులుకుంటారు. బాగానే ఉంది. కానీ వదిలేదేదో ఎవరికి వాళ్ళే ఎంచుకుంటే ఏమవుతుంది? మా చిన్నాన్న ఒక ఏడు కాకరకాయ మానేశాడు. ఆయన జన్మలో కాకరకాయ నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు! ఆ ఏడే మా అమ్మ మండిపడి ఇంట్లో ఒక రూలు పెట్టింది. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం రేపనగా, సాయంత్రం భోజనాల దగ్గర, నీ కుడిపక్కన కూర్చున్నవాళ్ళు ఏది మానమంటే నువ్వు అది మానాలి. ఎదురు చెప్పకూడదు, బేరమాడకూడదు.

అమ్మ పోయినా రూలు పోలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో కుర్చీల కోసం జరిగే తోపులాట మీరు చూడాలి! మా ఆవిడ గనక నా కుడిపక్కకి చేరిందంటే నా పని అయిపోయినట్టే. ఒకసారి "నాతో వాదించడం మానండి" అంది. ఈస్టర్ వచ్చేసరికి నా కడుపు మాటలతో ఉబ్బిపోయింది. అందుకని ఈసారి నేను ముందే వచ్చి, అటూ ఇటూ చూసి, కోడలి పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయి నా కుడివైపు. నన్ను ఏమంటుంది పాపం? టీ మానమంటుంది, మహా అయితే చక్కెర. మెత్తగా ఉన్నవాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటారే, అదే బుద్ధి నాది.

మా ఆవిడకి కుడిపక్కవాణ్ణి నేనే, ముందు ఆవిడ వంతు చెప్పాను. "టీవీ సీరియళ్ళు." మా ఆవిడ నన్ను చూసిన చూపుకి పక్కనున్న మజ్జిగ విరిగిపోవాలి. ఆ కోపమంతా మా అబ్బాయి మీద తీర్చుకుంది. "నువ్వు అలారం మోగాక ఇంకో ఐదు నిమిషాలని ముసుగు తన్నడం మానెయ్." వాడు దుకాణాలకి బోర్డులు రాసే పెయింటరు. ఉదయాన్నే లేవమంటే వాడికి ఉరితీసినట్టే. వాడు తల గోక్కుని పెళ్ళాం వైపు తిరిగాడు.

కోడలికి అప్పటికి ఎనిమిదో నెల నడుస్తోంది. గర్భిణికి ఉపవాసం లేదు, మా చర్చి ఫాదర్ గారే చెప్పారు. కాబట్టి వీడేదో వేళాకోళం ఆడతాడని అందరం ఎదురుచూస్తున్నాం. వాడు మెల్లిగా, "నువ్వు భయపడటం మానెయ్" అన్నాడు.

అది వేళాకోళం కాదు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. నొప్పులు మొదలయ్యాక ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. ఈసారి నొప్పి అన్నది తెలియగానే ఉన్నపళంగా రావాలని, ఆలస్యం చేస్తే ఈ బిడ్డ కూడా దక్కదని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. అప్పట్నుంచి మా ఇంట్లో నవ్వులు కూడా మెట్టు మెట్టూ చూసుకుని దిగుతున్నాయి.

"సరే, మానేస్తా" అంది కోడలు. తర్వాత నా వైపు తిరిగి, కంచంలోకి చూస్తూ, "హారన్, మావయ్యా" అంది.

మా ఆవిడ పకపకా నవ్వింది.

"బస్సు తోలేవాణ్ణి హారన్ కొట్టొద్దంటే ఎలాగమ్మా? వంటవాణ్ణి గరిటె ముట్టుకోవద్దన్నట్టుంది!"

"నేను రోజూ మీ బస్సులోనే కదా షాపుకెళ్ళేది మావయ్యా." తను ఒక కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. "మీరు కొట్టినప్పుడల్లా లోపల ఉలిక్కిపడుతోంది. ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. మళ్ళీ కదిలేదాకా నా ప్రాణం నా దగ్గరుండదు."

సరేనన్నాను. చేయి కడుక్కున్నాను.

మర్నాడు చర్చిలో నుదుటికి విభూది పెట్టించుకునే వరసలో నిలబడి ఒక్క ఆఖరి ప్రయత్నం చేశాను. "ఫాదర్, హారన్ అంటే ప్రజల భద్రత. దాన్ని ఉపవాసం కింద లెక్కేస్తే ఎలా?" అన్నాను. ఫాదర్ గారి బొటనవేలు బూడిదతో గాల్లోనే ఆగింది. సంగతంతా అక్కడే విన్నారు. "ప్రాణం మీదికొస్తే కొట్టు. కోపమొస్తే మానెయ్. జరుగు, వెనక జనం ఉన్నారు" అని నుదుటి మీద కొంచెం గట్టిగానే రాశారు.

మొదటి రోజు నరకం చూశాను. అరచేయి దానంతట అదే స్టీరింగు మధ్యకి పోతుంది! ఆటోవాడు అడ్డం వచ్చాడు, చేయి లేచింది. స్కూటరువాడు ఫోన్లో కబుర్లు చెబుతూ రోడ్డు మధ్యలో నడిపాడు, చేయి లేచింది. లేచిన చేత్తో నా తొడ మీద నేనే కొట్టుకున్నాను. సాయంత్రానికి తొడ కమిలింది. కండక్టరమ్మకి పండగే పండగ. "ఏంటండీ, ఒంట్లో బాగోలేదా? ఇవాళ బస్సు ఎవరో పెద్దమనిషి నడుపుతున్నట్టుంది" అని ప్రయాణికులందరికీ వినపడేలా అడిగింది.

ఇంటికెళ్ళి గోడు వెళ్ళబోసుకుంటే మా ఆవిడ పెట్టెలోంచి ఊదా రంగు గుడ్డముక్క తీసింది. పండగ ముందు చర్చిలో ప్రభువు విగ్రహంతో సహా స్వరూపాలన్నిటినీ ఊదా గుడ్డలతో కప్పుతారు, ఆ తొడుగులు కుట్టేది మా ఆవిడే. మిగిలిన ముక్కకి అంచుల్లో సాగే నాడా పెట్టి, పసిపిల్ల టోపీలాంటిది కుట్టి నా చేతిలో పెట్టింది. "స్టీరింగు మధ్యన తొడగండి. చేయి వెళ్ళినప్పుడు గుడ్డ తగిలితే గుర్తొస్తుంది. సీరియల్ లేకపోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా?" అంది.

తొడిగాను. నిజం చెప్పొద్దూ, పనిచేసింది! కానీ ఎక్కిన ప్రతివాడూ అదేంటని అడగడమే. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత చెప్పడం మొదలుపెట్టాను. ఆ నోటా ఈ నోటా పాకి, మా రూటు మొత్తానికి తెలిసిపోయింది, హారన్ డ్రైవరు హారన్ మానేశాడని.

ఇక్కడ ఒక తప్పు చేశాను. చెబితే నవ్వుతారు, నవ్వండి. తపస్సు కాలంలో ఆదివారాలు లెక్కలోకి రావు. ప్రతి ఆదివారమూ ప్రభువు లేచిన రోజే కాబట్టి ఆ రోజు ఉపవాసం లేదు. ఇది గుర్తొచ్చేసరికి నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. పొద్దున్నే మొదటి పూజకి హాజరై, తోటి డ్రైవర్ని బతిమాలి అతని ఆదివారం డ్యూటీ తీసుకున్నాను. తొడుగు పీకి జేబులో పెట్టాను. వారమంతా దాచిన హారన్ అంతా ఇవాళ కొట్టేస్తాను, చూసుకోండి!

తీరా చూస్తే రోడ్డు మీద ఒక్క పురుగు లేదు. ఆదివారం కదా! ఎవరి మీద కొట్టను? మూడు వీధులు తిరిగాక ఒక కుక్క కనపడింది, రోడ్డు మధ్యలో పడుకుని ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. ఒక్క హారన్ కొట్టాను. అది తలెత్తి, నన్ను చూసి, మళ్ళీ పడుకుంది. పౌరుషం పొడుచుకొచ్చి, కుక్కని తప్పించుకుని మలుపు తిరిగి, ఈసారి ఊపిరి ఉన్నంతసేపు కొట్టాను. అది మా చర్చి మలుపని అప్పుడు చూశాను. లోపల రెండో పూజ. అందరూ మోకాళ్ళ మీద ఉండి మౌనంగా ప్రార్థన చేస్తున్న క్షణమట. మా ఆవిడ లోపలే ఉంది. "ఆ హారన్ మా ఆయనదేనని కళ్ళు మూసుకునే గుర్తుపట్టాను, నేల చీలితే బాగుండుననిపించింది" అంది. ఆ తర్వాత ఆదివారాలు కూడా తొడుగు తీయలేదు.

హారన్ లేకపోతే మరి దారి ఎలా దొరుకుతుంది? నోటితో! కిటికీలోంచి తల బయటపెట్టి, "బాబాయ్, కొంచెం పక్కకి", "చెల్లెమ్మా, ఆ బండి కొంచెం జరుపుతావా" అనడం మొదలుపెట్టాను. మొదట్లో నా గొంతు నాకే కొత్తగా ఉండేది. అన్నిటికంటే కష్టం ఆసుపత్రి ముందున్న మార్కెట్ రోడ్డు. అక్కడ ఒక పళ్ళ బండి అతను ఎప్పుడూ రోడ్డులోకి ముందుకొచ్చి నిలబడతాడు. ఇన్నేళ్ళుగా నాకు అతని వీపు తప్ప మొహం తెలియదు. ఎంత కొట్టినా కదిలేవాడు కాదు, ఎంత పొగరు వీడికి అనుకునేవాణ్ణి. ఒకరోజు బస్సు ఆపి దిగి, భుజం మీద చేయి వేశాను. ఉలిక్కిపడి తిరిగి, చేతులు జోడించాడు. "మన్నించండి సార్, నాకు రెండు చెవులూ వినపడవు. మీ పెదాలు చూస్తే అర్థమవుతుంది, నిదానంగా చెప్పండి" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే విన్నాను గానీ, ఆ శంఖం ఊదేవాణ్ణి నేనేనని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చాను. మర్నాటి నుంచి అతను తన బండికి ఒక చిన్న అద్దం కట్టుకున్నాడు. బస్సు అందులో కనపడగానే పక్కకి జరిగి, నాకు చేయి ఊపేవాడు. నేనూ ఊపేవాణ్ణి. అతన్ని చూసి జ్యూస్ కొట్టతను, చెప్పులు కుట్టేతను, పూలమ్మే అమ్మాయి, అందరూ పలకరించడం మొదలుపెట్టారు. ఆ రోడ్డులో మా మతంవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అయినా అందరికీ ఒకటే ప్రశ్న. "ఇంకా ఎన్నాళ్ళు సార్ మీ మౌనం?"

"ఈస్టర్ దాకా!" అనేవాణ్ణి. "పండగనాడు వింటారు నా హారన్. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా!"

"మేమంతా రోడ్డు మీదికొచ్చి నిలబడతాం" అనేవాడు జ్యూస్ కొట్టతను.

కోడలు రోజూ నా వెనక సీట్లోనే కూర్చునేది. ఇదివరకు "వస్తాను మావయ్యా" తప్ప మాట ఉండేది కాదు. ఇప్పుడు స్టాపు స్టాపుకీ లోపలి సమాచారం చెప్పేది. "నిద్రపోతోంది మావయ్యా." "మలుపులో అటు తిరిగింది మావయ్యా." నేను గుంతలన్నీ తప్పించి, గాజు సామాను మోస్తున్నట్టు నడిపేవాణ్ణి. ఆ నలభై రోజుల్లో నాకున్న ఆనందం ఎవరికైనా చెప్పాలంటే నోరు చాలదు.

పండగ ముందు శనివారం వచ్చింది. తపస్సు కాలానికి అదే ఆఖరి రోజు. ఆ సాయంత్రం చీకటి పడ్డాక చర్చిలో కొత్త మంట వెలిగిస్తారు, గంటలు మోగుతాయి, ఉపవాసాలన్నీ అయిపోతాయి. పొద్దున కోడలికి ఆసుపత్రిలో మామూలు పరీక్ష ఉంది. మా ఆవిడ తోడు వచ్చింది. ఇద్దరూ నా బస్సే ఎక్కారు. కాన్పుకి ఇంకా వారం పైనే ఉందని పోయిన పరీక్షలో చెప్పింది డాక్టరమ్మ. బస్సు నిండా జనం, మర్నాడు సెలవని బజారు పనుల మీద బయల్దేరారు.

మార్కెట్ రోడ్డులోకి తిరిగామో లేదో, వెనకనుంచి మా ఆవిడ గొంతు వినపడింది. "ఏవండీ! ఉమ్మనీరు పోయింది!"

అద్దంలో చూశాను. కోడలు ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఉంది, మొహం తెల్లగా పాలిపోయింది. ఎదురుగా చూశాను. రోడ్డంతా బండ్లు, కార్లు, ఆటోలు, ఇసక వేస్తే రాలదు. ఆసుపత్రి గేటు ఆ చివర కనపడుతూనే ఉంది. కనపడుతోంది గానీ చేరేదెలా?

"అంబులెన్సుని పిలవనా?" అంది కండక్టరమ్మ.

"అది ఈ సందడిలోకి వచ్చి, ఎక్కించుకుని, తిరిగి వెళ్ళేదెప్పుడు? మనమే వెళ్దాం!" అని అరిచాను.

కండక్టరమ్మ జనం వైపు తిరిగింది. "బస్సు ఎక్కడా ఆగదు! తిన్నగా ఆసుపత్రికే! దిగాల్సినవాళ్ళు ఇప్పుడే దిగిపోండి!" ఒక్కరు కూడా లేవలేదు.

నేను కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్నాను, "బాబాయ్! అన్నా! జరగండి!" ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? బస్సు జానెడు జరుగుతుంది, ఆగుతుంది. వెనక కోడలు మూలుగు. చేయి స్టీరింగు మధ్యకి వెళ్ళింది. ఊదా గుడ్డ తగిలింది. ప్రాణం మీదికొస్తే కొట్టమన్నారు ఫాదర్ గారు, అది గుర్తుంది. కానీ ఆ హారన్‌కి లోపల బిడ్డ ముడుచుకుపోతుందని ఇన్నాళ్ళూ విని ఉన్నాను కదా, చేయి బిగుసుకుపోయింది.

"మావయ్యా, కొట్టండి" అంది కోడలు వెనకనుంచి. "ఫర్వాలేదు, కొట్టండి. నేను కూడా నాది తప్పేశాను. నాకు భయంగా ఉంది మావయ్యా. చాలా భయంగా ఉంది."

ఆ మాటతో నా కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నువ్వు తప్పితే నేనూ తప్పుతాను తల్లీ, ఇద్దరం కలిసే తప్పుదాం!" అని తొడుగు పట్టి లాగి అవతల పారేశాను. బలమంతా పెట్టి కొట్టాను. రోడ్డు దద్దరిల్లిపోయింది.

ఏమైందనుకున్నారు? దారి ఇచ్చారనుకున్నారా?

"కొట్టేశాడు!" అని కేక పెట్టాడు జ్యూస్ కొట్టతను. "సార్ హారన్ కొట్టేశాడు! పండగొచ్చేసింది!"

అయ్యో దేవుడా! కొట్లలోంచి జనం రోడ్డు మీదికి రావడం మొదలుపెట్టారు. చెప్పులు కుట్టేతను సుత్తి పట్టుకునే వచ్చాడు. పూలమ్మాయి పిడికెడు పూలు తీసుకుని అద్దం మీదికి విసిరింది. ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలెట్టాడు. "పండగ శుభాకాంక్షలు సార్!" అంటూ అందరూ నవ్వుతూ చేతులు ఊపుతూ బస్సు ముందుకే వచ్చారు. ఎంత కొడితే అంత మంది! ఉన్న సందు కాస్తా మూసుకుపోయింది. నేను అరుస్తున్నాను, వాళ్ళూ సంతోషంతో అరుస్తున్నారు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను, వాళ్ళేమో నేను పండగ చేసుకుంటున్నాననుకుంటున్నారు!

ఆ గుంపులో పళ్ళ బండి అతను ఉన్నాడు. అందరూ పరిగెత్తడం చూసి అతనూ తిరిగాడు, నవ్వుతూ చేయి ఎత్తాడు. ఎత్తిన చేయి అలాగే ఆగిపోయింది. మిగతావాళ్ళు హారన్ విన్నారు. అతను నా మొహం చూశాడు.

అతని కళ్ళలోకి చూస్తూ నిదానంగా, పెదాలు కదిలించి చెప్పాను. "కోడలు. పురుడు. ఆసుపత్రి."

మనిషి ఒక్క దూకు దూకాడు! పళ్ళ బండిని రెండు చేతులతో ఎత్తి పక్కనున్న మెట్ల మీదికి తోసేశాడు. కమలాలన్నీ దొర్లుకుంటూ రోడ్డంతా పడ్డాయి, అతను వెనక్కి కూడా చూడలేదు. ముందున్న కారు బానెట్ మీద అరచేత్తో దబదబా బాదాడు. జ్యూస్ కొట్టతన్ని చొక్కా పట్టుకుని గుంజి, బొంగురు గొంతుతో, "పండగ కాదు, పురుడు! పురుడు!" అని అరిచాడు.

అప్పుడు చూడాలి ఆ రోడ్డుని! నవ్వులన్నీ టక్కున ఆగిపోయాయి. జ్యూస్ కొట్టతను ముందుకి పరిగెత్తి ఆటోలని ఒక్కొక్కటిగా పక్కకి తోయిస్తున్నాడు. చెప్పులు కుట్టేతను సుత్తి గాల్లో తిప్పుతూ, "ఎవడ్రా ఈ స్కూటరు, తియ్!" అని గర్జిస్తున్నాడు. పూలమ్మాయి బల్లని తనే లాగేసుకుంది. పళ్ళ బండి అతను బస్సుకి ముందు నడుస్తూ, మాటిమాటికీ వెనక్కి తిరిగి నా మొహం చూస్తూ, రా రా అని చేత్తో పిలుస్తున్నాడు. నేను హారన్ మీంచి చేయి తీసేశాను. దాని అవసరం లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ రోడ్డు అంత వెడల్పు ఉంటుందని నాకు తెలియదు!

గేటులోకి తిప్పేసరికి స్ట్రెచరు సిద్ధంగా ఉంది, ఎవరో ముందే పరిగెత్తి చెప్పినట్టున్నారు. కోడల్ని, మా ఆవిడని లోపలికి పంపించి, నేను స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. కాసేపటికి తేరుకుని, వెనక్కి తిరిగి, "దిగండమ్మా, మీ స్టాపులు దాటించాను, ఏమీ అనుకోకండి" అన్నాను.

ఎవరూ కదల్లేదు.

"బిడ్డ సంగతి తెలిసేదాకా మేం దిగం" అంది ఒకావిడ, ఒళ్ళో కూరగాయల సంచి సర్దుకుంటూ. పక్కనే మంగలి షాపతను ఉన్నాడు. "మీరు ఇన్నాళ్ళు హారన్ మానలేదా? నేను ఈ పూట గడ్డాలు మానేశాను. వెళ్ళి కనుక్కుని రండి" అన్నాడు. అంతలో డిపో నుంచి ఫోన్. కండక్టరమ్మ తీసి, "బస్సుకేం కాలేదండీ, ఉపవాసం ఉంది. సాయంత్రానికి లేస్తుంది" అని పెట్టేసింది. నన్ను చూసి, "నిలబడ్డారేంటి, పోండి పైకి!" అని కసిరింది.

పైకి వెళ్ళే మెట్లు ఎక్కాను. పోయినసారి ఇవే మెట్లు ఖాళీ చేతులతో దిగాం. మా ఆవిడ ఫోన్ చేస్తే మా అబ్బాయి అప్పటికే వచ్చేశాడు, చేతుల నిండా ఎర్ర పెయింటు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వాడి పక్కన నిలబడ్డాను. మా ఆవిడ జపమాల తిప్పుతోంది గానీ పూస మీద పూస పడటం లేదు. నాకు ప్రార్థన కూడా గుర్తు రాలేదు. "ఇయ్యి, ఇయ్యి" అని ఒక్కమాటే మనసులో అంటున్నాను.

తలుపు వెనక ఎంతసేపు నిశ్శబ్దమో చెప్పలేను. తర్వాత ఏడుపు వినపడింది. గట్టి ఏడుపు! మా అబ్బాయి గోడ మీంచి జారి కింద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. మొహమంతా ఎర్ర పెయింటు. నర్సమ్మ తలుపు తీసి, వాణ్ణి చూసి, "అయ్యో, ఈయనకేం దెబ్బ తగిలింది?" అని కంగారుపడింది. మేమందరం ఒక్కసారిగా ఏడుస్తూ నవ్వాం.

"పాప. ఇద్దరూ బాగున్నారు. సరైన సమయానికి తెచ్చారు" అంది నర్సమ్మ.

కోడల్ని వార్డుకి మార్చాక మమ్మల్ని లోపలికి పంపారు. మంచం మీద అలసిపోయి ఉంది, పక్కలో బట్టలో చుట్టిన బిడ్డ. నన్ను చూడగానే, "మావయ్యా, బస్సేది?" అంది.

"కిందే ఉందమ్మా. ఈ కిటికీ కిందే."

"అందులోవాళ్ళు?"

"ఒక్కడు దిగితే ఒట్టు! నీ సంగతి తెలిస్తేగానీ కదలరట. పళ్ళ బండి అతను కూడా వచ్చి బస్సు మెట్టు మీద కూర్చున్నాడు."

తను బిడ్డ మీద బట్ట సర్దింది. "పోయినసారి బాబుని నేనూ డాక్టరమ్మా తప్ప ఎవరూ చూడలేదు మావయ్యా" అంది. "ఎవరికీ చూపించకుండానే తీసుకెళ్ళిపోయారు. దీన్ని అందరికీ చూపించండి."

నర్సమ్మ పాపని నా చేతుల్లో పెట్టింది. ఎన్నో టన్నుల బస్సు తిప్పిన చేతుల్లో పిడికెడు బరువు. కిటికీ దగ్గరికి నడిచాను. కింద అందరూ తలలు పైకెత్తి ఉన్నారు, బస్సు కిటికీల్లోంచి, మెట్ల మీంచి. అరవబోయినవాళ్ళని కండక్టరమ్మ పెదాల మీద వేలు పెట్టి ఆపింది, ఇది ఆసుపత్రి అని. ఒక్కరూ అరవలేదు. ఒకరి తర్వాత ఒకరు చేతులు పైకెత్తారు. పళ్ళ బండి అతను రెండు చేతులూ ఎత్తాడు. నా కళ్ళకి ఇంకేమీ ఆనలేదు, కన్నీళ్ళు బొటబొటా పాప బట్ట మీద పడుతున్నాయి.

"ఇంకొంచెం పైకెత్తండి మావయ్యా" అంది వెనకనుంచి మా కోడలు. "వెనక సీట్లవాళ్ళకి కనపడదు."